‘కాస్త నడుస్తూ ఉండండి’ అని చెప్పి పంపే డాక్టర్లకు, కౌన్సెలర్లకు బహిరంగ లేఖ

డాక్టర్లకు, కౌన్సెలర్లకు నమస్కారం.

మనసు బాగోలేదనీ, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదనీ మీ ముందు కూర్చున్న మనిషికి మందు రాసేటప్పుడు మీరు ఏదీ వదలరు. దాని పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, తిన్నాకా తినకముందా, ఎన్నాళ్ళు వాడాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి, అన్నీ రాస్తారు. వ్యాయామం సంగతి మాత్రం, చీటీ చేతికిచ్చి, మనిషి కుర్చీలోంచి లేస్తుండగా, ‘కాస్త నడుస్తూ ఉండండి’ అనే ఒక్క మాటతో తేల్చేస్తారు. వ్యాయామం చేయించడం, దాని ఫలితాన్ని కొలవడం మా పని. ఆ మాటకూ డోసు ఉండాలని అడగడానికే ఈ లేఖ.

ముందు లెక్క చూద్దాం. 2005లో డన్, ట్రివేదీ బృందం ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. తేలికపాటి నుంచి మధ్యస్థాయి డిప్రెషన్ ఉన్న 80 మంది, వయసు 20 నుంచి 45, కాలం 12 వారాలు. కొందరిచేత వారానికి శరీర బరువులో కిలోకు 17.5 కిలోక్యాలరీలు ఖర్చయ్యేంత ఏరోబిక్ వ్యాయామం, అంటే గుండె, ఊపిరి వేగం పెంచే వ్యాయామం, చేయించారు. మరికొందరిచేత కిలోకు 7 కిలోక్యాలరీలకు సరిపడా మాత్రమే. పోల్చి చూడడానికి ఇంకో జట్టు ఒళ్ళు సాగదీసే కసరత్తులు చేసింది. 12 వారాలయ్యాక, డిప్రెషన్ తీవ్రతను కొలిచే హామిల్టన్ స్కోరు మొదటి జట్టులో 47 శాతం తగ్గింది. తక్కువ డోసు వాళ్ళలో 30 శాతం. ఒళ్ళు సాగదీసిన వాళ్ళలో 29.

ఈ కిలోక్యాలరీలను గంటల్లోకి మార్చి చూడండి. చురుగ్గా నడిచే మనిషికి గంటకు, కిలో బరువుకు దాదాపు 4 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి. ఆ లెక్కన 7 కిలోక్యాలరీలంటే వారానికి గంటా ముప్పావు నడక. రోజుకు పావుగంట. అంటే ‘కాస్త నడవండి’ అన్న మాట విని, బుద్ధిగా రోజూ పావుగంట నడిచే పేషెంటు చేస్తున్నది సరిగ్గా ఆ తక్కువ డోసే. ఒళ్ళు విరుచుకున్నంత ఫలితమే దానికీ వచ్చింది. 17.5 కావాలంటే అదే నడక వారానికి నాలుగు గంటల ఇరవై నిమిషాలు నడవాలి. నెమ్మదిగా పరిగెత్తగలిగితే గంటకు కిలోకు 7 దాకా ఖర్చవుతుంది కాబట్టి రెండున్నర గంటలు చాలు. ఇదంతా వారానికి మూడు రోజుల్లో చేసినా, ఐదు రోజుల్లో చేసినా ఆ అధ్యయనంలో తేడా రాలేదు. రోజూ కుదరదని వాపోయే పేషెంటుకు ఈ సంగతి చెప్పి చూడండి, సగం బరువు దిగిపోతుంది.

80 మందితో చేసినది చిన్న అధ్యయనమే. 17.5 అన్న అంకెను పట్టుకు వేలాడమని మేం అనడం లేదు. కానీ అది చూపించిన దిశ నిలబడింది. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 218 అధ్యయనాలను, 14,170 మందిని కలిపి విశ్లేషిస్తే నడక, జాగింగ్, యోగా, బరువులతో చేసే వ్యాయామం డిప్రెషన్‌ను తగ్గిస్తున్నాయనీ, తీవ్రత పెరిగేకొద్దీ ఫలితం పెరుగుతోందనీ తేలింది.

‘కొంచెం నడిచినా మేలే అంటారు కదా’ అని మీరు అడగవచ్చు. నిజమే, అయితే అది వేరే ప్రశ్నకు జవాబు. 2022లో 1,91,130 మంది సమాచారంతో వచ్చిన విశ్లేషణలో, వారానికి రెండున్నర గంటల చురుకైన నడకలో సగం చేసినవాళ్ళకు కూడా, ఏమీ చేయనివాళ్ళతో పోలిస్తే డిప్రెషన్ వచ్చే ముప్పు 18 శాతం తక్కువ. పూర్తిగా చేసినవాళ్ళకు 25 శాతం తక్కువ. ఇది జబ్బు ఇంకా రానివాళ్ళ లెక్క, అదీ ఏళ్ళ తరబడి గమనించి తేల్చినది. నివారణకు పనికొచ్చే డోసును చికిత్సకు రాసి, ఆనక ‘వ్యాయామం చెప్పాను, ఏం ఉపయోగం లేదు’ అనుకోవడం మాకు తరచుగా కనిపించే పొరపాటు.

వ్యాయామం వల్ల ఒరిగేదేమీ లేదనేవాళ్ళు 2012 నాటి ట్రెడ్ అధ్యయనాన్ని ఎత్తి చూపుతారు. 361 మంది. శిక్షణ పొందిన సహాయకులు ఎనిమిది నెలలపాటు ఎదురుగా కూర్చుని, ఫోన్లో మాట్లాడి ప్రోత్సహించారు. జనం కదలిక పెరిగింది కానీ డిప్రెషన్ మామూలు చికిత్సలో ఉన్నవాళ్ళకంటే ఎక్కువేమీ తగ్గలేదు. మేం దీన్ని దాచిపెట్టం. పైగా మా వాదనకు ఇదే పెద్ద సాక్ష్యం అనుకుంటాం. అక్కడ ఏం చేయాలో, ఎంత ఆయాసం వచ్చేదాకా చేయాలో మనిషి ఇష్టానికే వదిలేశారు. సలహా అందింది, ప్రోత్సాహం అందింది. డోసు అందిందని చెప్పడానికి లేదు.

డోసు పెట్టి, పక్కన మనిషి ఉండి చేయించినప్పటి సంగతి చూడండి. 1999లో డ్యూక్ యూనివర్సిటీలో బ్లూమెంతాల్ బృందం 50 ఏళ్ళు దాటిన 156 మందిని తీసుకుంది. కొందరికి వారానికి మూడుసార్లు అరగంట చొప్పున గట్టి వ్యాయామం, కొందరికి సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందు, కొందరికి రెండూ. 16 వారాల చివర మూడు జట్లూ ఇంచుమించు ఒకే చోటికి చేరాయి. మందు మాత్రం త్వరగా పట్టింది, అది మర్చిపోకూడదు. 2007లో అదే బృందం 202 మందితో, ఈసారి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర, కూడా పెట్టి చేసింది. నాలుగు నెలలకు డిప్రెషన్ నుంచి పూర్తిగా బయటపడ్డవాళ్ళు పర్యవేక్షణలో వ్యాయామం చేసినవాళ్ళలో 45 శాతం, ఇంటి దగ్గర చేసినవాళ్ళలో 40, మందు వాడినవాళ్ళలో 47, ప్లాసిబో వాళ్ళలో 31. ప్లాసిబోకు 31 రావడం గమనించారుగా. మందైనా వ్యాయామమైనా దాని మీద తెచ్చేది పదహారు శాతానికి మించలేదు. కాబట్టి వ్యాయామం మందును తరిమేస్తుందని మా నోట ఎవరూ వినరు. తీవ్రమైన డిప్రెషన్‌లో, ఆత్మహత్య ఆలోచనలున్నప్పుడు, తినడం తాగడం మానేసినప్పుడు వ్యాయామం ముచ్చట తరవాత. చికిత్స ముందు.

ఇక మెదడు సంగతి. పేషెంటుకు మీరు ఏదో ఒక కారణం చెప్పాలి. చాలామంది ‘ఎండార్ఫిన్లు (శరీరం తయారుచేసుకునే, నొప్పి తగ్గించే రసాయనాలు) విడుదలవుతాయి’ అంటారు. దయచేసి కాస్త సర్దుకోండి. రక్తంలో పెరిగే బీటా ఎండార్ఫిన్ రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను దాటడం చాలా కష్టం. రెండు గంటలు పరిగెత్తిన రన్నర్ల మెదడులోనే ఓపియాయిడ్లు (ఎండార్ఫిన్లు ఈ జాతివే) విడుదలైనట్టు 2008లో పెట్ స్కాన్ ద్వారా చూపించారు, అది నిజం. కానీ 2021లో కొందరికి నాల్ట్రెక్సోన్ ఇచ్చి, ఓపియాయిడ్ల దారి మూసేసి, 45 నిమిషాలు పరిగెత్తించి చూశారు. అయినా హుషారు వచ్చింది, ఆందోళన తగ్గింది. శరీరం తనంతట తాను తయారుచేసుకునే ఎండోకన్నాబినాయిడ్లు, అంటే ఆనందమైడ్ లాంటివి, వాళ్ళ రక్తంలో పెరిగాయి. ఇవి కొవ్వులో కరిగే పదార్థాలు, మెదడులోకి సులువుగా వెళ్తాయి. పైగా మరీ మెల్లగా నడిస్తే పెద్దగా పెరగవు, ఒగర్చేదాకా పరిగెత్తినా అంతే. మధ్యస్థ తీవ్రత దగ్గరే బాగా పెరుగుతాయి. డోసుతో పాటు తీవ్రత కూడా రాయాలని మేం అడగడానికి ఇదొక కారణం.

కండరం చేసే ఇంకో పని గురించి కరోలిన్‌స్కా సంస్థ శాస్త్రవేత్తలు 2014లో చెప్పారు. ఒత్తిడిలో, ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు కైన్యురెనిన్ అనే పదార్థం పెరిగి మెదడులోకి చేరి చేటు చేస్తుంది. వ్యాయామం చేసిన కండరంలో ఉండే ఎంజైములు దాన్ని కైన్యురెనిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. ఆ ఆమ్లం మెదడు గడప దాటలేదు. ఎలుకల్లో ఈ మార్పిడి డిప్రెషన్ లాంటి ప్రవర్తనను అడ్డుకుంది. కండరం అలవాటుపడడానికి వారాలు పడుతుంది కాబట్టి ఈ లాభం మొదటి రోజు నడకతో రాదు. అసలు ఒక్కపూట వ్యాయామంతో వచ్చే హుషారునూ, పది వారాల వ్యాయామంతో డిప్రెషన్ తగ్గడాన్నీ వేరువేరుగా చెప్పండి. మొదటిది కొన్ని గంటల్లో కరిగిపోతుంది. పేషెంటు ‘నడిచాను, సాయంత్రానికి మళ్ళీ మామూలే’ అని చెబితే వ్యాయామం పనిచేయలేదని అర్థం కాదు. ఆ పూటకు పనిచేసినట్టే.

మెదడు బొమ్మల విషయంలో ఒక జాగ్రత్త. కూర్చున్న మెదడు నీలంగా, ఇరవై నిమిషాలు నడిచిన మెదడు ఎర్రగా ఉండే ఒక జంట బొమ్మ తిరగని చోటు లేదు. మీలో కొందరి గోడల మీద కూడా ఉండవచ్చు. అది 2009లో హిల్‌మన్ బృందం 9, 10 ఏళ్ళ పిల్లలు 20 మందితో చేసిన ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను కొలిచే) పరీక్షల సగటు. పిల్లలు ట్రెడ్‌మిల్ మీద గరిష్ఠ గుండె వేగంలో 60 శాతం దగ్గర 20 నిమిషాలు నడిచారు. గుండె వేగం మామూలు స్థితికి వచ్చాక ఏకాగ్రత పరీక్ష రాశారు. అప్పుడు పీ3 అనే తరంగం పెద్దదైంది. అది శ్రద్ధ పెట్టడానికి సంబంధించిన కొలత. డిప్రెషన్ గురించి ఆ బొమ్మ ఏమీ చెప్పదు.

మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోక్యాంపస్ అనే భాగం కథ ఇంకాస్త గట్టిది, అయినా అతిగా చెప్పకూడదు. 2011లో ఎరిక్సన్ బృందం 120 మంది పెద్దవయసు వాళ్ళలో సగంమందిని ఏడాదిపాటు వారానికి మూడుసార్లు నడిపిస్తే ముందరి హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది. ఒళ్ళు సాగదీసే జట్టులో 1.4 శాతం తగ్గింది. తరవాత వచ్చిన అధ్యయనాలన్నీ ఇంత స్పష్టంగా లేవు. మాకు ఆ అధ్యయనంలో నచ్చింది వాళ్ళు నడిపించిన పద్ధతి. మొదటి వారం 10 నిమిషాలు. ఆ తరవాత వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుతూ ఏడో వారానికి 40. మొదటి ఏడు వారాలూ తక్కువ తీవ్రత, ఆపైన కొంచెం ఎక్కువ. అంతవరకూ వ్యాయామం ఎరగని మనిషికి ఇంతకంటే మంచి మెట్ల వరుస మాకు కనిపించలేదు.

తీవ్రత ఎలా చెప్పాలి? గుండె వేగంతో చెప్పవచ్చు. 208లోంచి వయసుకు 0.7 రెట్లు తీసేస్తే గరిష్ఠ వేగం అంచనాగా వస్తుంది. 40 ఏళ్ళ మనిషికి 180. పొద్దున లేవగానే నాడి 75 అనుకుందాం. ఈ రెండింటికీ తేడా 105. అందులో 50 నుంచి 60 శాతం తీసుకుని 75కి కలిపితే 127 నుంచి 138. మొదట్లో ఆ మధ్యన ఉంటే చాలు. అయితే గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడుతున్నవాళ్ళకు ఈ లెక్క పూర్తిగా తప్పుతుంది. మందు గుండెను పరిగెత్తనివ్వదు, పేషెంటేమో అంకె అందుకోవాలని ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. ఆందోళన కోసం ప్రొప్రనలాల్ అనే బీటా బ్లాకర్ రాసిచ్చింది మీరే అయివుంటారు, గుర్తుంచుకోండి.

అందుకే మేం మాటతో కొలుస్తాం. నడుస్తూ ఒక పూర్తి వాక్యం చెప్పమనండి. వాక్యం తెగకుండా చెప్పగలగాలి, పాట పాడడానికి మాత్రం ఊపిరి చాలకూడదు. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే హద్దు దాటినట్టు. నడకలో అయితే నిమిషానికి 100 అడుగులు మధ్యస్థ తీవ్రతకు దగ్గరి గుర్తు. రోజుకు పదివేల అడుగుల లెక్క ఇక్కడ పనికిరాదు. వంటింట్లోకీ హాల్లోకీ తిరిగినా అడుగులు అడుగులే.

ఆ హద్దు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఊపిరి ఎగబోయడం మొదలయ్యే తీవ్రతకు కింద ఉన్నంతసేపూ చాలామందికి వ్యాయామం చేస్తుండగానే హాయిగా ఉంటుంది. దాటితే దాదాపు అందరికీ బాధగా ఉంటుంది. ఆపిన కాసేపటికి మళ్ళీ హాయి వస్తుంది, అది వేరే సంగతి. ఆరోగ్యంగా ఉన్నవాడు ఆ తరవాతి హాయి కోసం ఆగగలడు. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి మిగిలేది మధ్యలో పడ్డ బాధే, రెండో రోజు రాడు. అందుకని మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా ఒక గీత చూపించి, నడుస్తుండగానే ‘ఇప్పుడెలా ఉంది?’ అని తనను తాను అడగమనండి. అంకె సున్నా కిందికి జారితే వేగం తగ్గించాలి, నిమిషాలు మాత్రం తగ్గించకూడదు. మొదటి నాలుగు వారాల్లో తీవ్రత కంటే మళ్ళీ రావడమే ముఖ్యం. ఆ తరవాతే తీవ్రత పెంచాలి. చివరి ఐదు నిమిషాలు వేగం తగ్గించుకుంటూ ముగించాలి. తగ్గుతూ ముగిసిన వ్యాయామం తరవాత హాయిగా గుర్తుంటుందని ప్రయోగాల్లో తేలింది. పైగా అమిట్రిప్టిలిన్ లాంటి డిప్రెషన్ మందులు వాడేవాళ్ళు ఉన్నట్టుండి ఆగితే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

ఎక్కడ చెడుతుందో కూడా ముందే చెప్పి పంపండి. మొదటి వారంలో ఉత్సాహంగా ముప్పావుగంట పరిగెడతారు. మర్నాడు, ఆ మర్నాడు పిక్కలూ తొడలూ పట్టేస్తాయి. మామూలు మనిషి నవ్వేసి ఊరుకుంటాడు. నిరాశలో ఉన్నవాడికి అదే ‘నా వల్ల కాదు’ అనడానికి రుజువవుతుంది. రెండోది, ఒక రోజు తప్పితే మర్నాడు రెట్టింపు చేయాలనుకుని, అది కుదరక అంతా వదిలేస్తారు. తప్పిన రోజు తప్పినట్టే, మర్నాడు మామూలు డోసే అని చీటీ మీద రాసేయండి. మూడోది, బయల్దేరే ముందు ‘ఏం బాగుంటుందిలే’ అనిపించడం. జనం వ్యాయామం ఎంత బాగుంటుందో ముందుగా తక్కువ అంచనా వేస్తారు, డిప్రెషన్‌లో ఇది ఇంకా ఎక్కువ. ఎలా ఉందో బయల్దేరే ముందు ఒక అంకె, వచ్చాక ఒక అంకె రాయించండి. రెండు వారాల తరవాత ఆ కాగితం పేషెంటుకే చూపించండి. మీరు చెప్పే ఏ మాట కంటే అది బాగా పనిచేస్తుంది.

పానిక్ ఎటాక్‌లు వచ్చేవాళ్ళతో నిదానంగా వెళ్ళాలి. గుండె దడ, చెమట, ఊపిరి ఆడనట్టు ఉండడం, వాళ్ళు భయపడేవన్నీ వ్యాయామంలో వస్తాయి. ముందుగా చెప్పకపోతే మూడో నిమిషంలో ఇంటికి తిరిగొచ్చేస్తారు. ఇది ఎటాక్ కాదు, ఇది ఆగగానే రెండు మూడు నిమిషాల్లో దిగుతుంది అని చెప్పి, మొదటిసారి తోడుగా ఒకరుండి, ఆ దిగడాన్ని నాడి పట్టి చూపించాలి. అలా అలవాటుపడితే ఆ దడే మందుగా పనిచేస్తుంది. 1998లో పానిక్ ఉన్న 46 మందితో పది వారాలు చేసిన అధ్యయనంలో పరుగు ప్లాసిబో కంటే మెరుగ్గా పనిచేసింది. క్లోమిప్రమిన్ అనే మందు పరుగు కంటే త్వరగా, ఎక్కువగా పనిచేసింది.

మనసు ఒకసారి కుంగి, ఒకసారి మరీ ఎగసే బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవాళ్ళకు నీళ్ళు, ఉప్పు తగ్గితే రక్తంలో దాని మోతాదు మారుతుంది. ఎండలో గంటసేపు చెమటోడ్చమని చెప్పే ముందు ఆలోచించండి. నిద్రమాత మత్తు ఉదయం పదింటిదాకా ఉండే మనిషికి పొద్దున్నే నడవమని రాస్తే ఆ చీటీ వృథా. బైపోలార్ ఉన్నవాళ్ళు నిద్ర తగ్గించుకుని మరీ గంటల తరబడి వ్యాయామం చేస్తుంటే అది మెరుగుదల అనుకుని మెచ్చుకోకండి. తిండి మానేసి క్యాలరీలు లెక్కపెట్టుకునే వాళ్ళకు అసలు డోసు పెంచే పని చేయకూడదు. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, కళ్ళు చీకట్లు కమ్మడం లాంటివి ఎప్పుడైనా ఉన్నాయేమో ముందుగా అడగండి. ఉంటే గుండె డాక్టర్ చూశాకే మొదలుపెట్టాలి.

చీటీ మీద మేం అడిగేది నాలుగైదు పంక్తులు. ‘చురుకైన నడక. వారానికి మూడు రోజులు, ఈ వారం 10 నిమిషాలు, వారానికి 5 చొప్పున పెంచి 40 దాకా. 40కి చేరాక రోజులు మూడు నుంచి ఐదుకు, వీలైతే మధ్యమధ్య నెమ్మది పరుగు. వాక్యం తెగకూడదు, పాట రాకూడదు. ముందూ వెనకా అంకె రాయాలి.’ కింద సమయం, ఎవరితో, ఎక్కడ. వాన పడితే ఎక్కడ అన్నది కూడా. తోడు ఎవరూ లేకపోతే మొదటి నాలుగు వారాలకు ఒక జట్టుతోనో, ట్రైనర్‌తోనో కలపండి. ఆ వారాల్లోనే ఎక్కువమంది జారిపోతారు.

రెండు వారాలకు రివ్యూ పెట్టండి. పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నపత్రం ఎలాగూ గడిచిన రెండు వారాల గురించే అడుగుతుంది కాబట్టి అప్పుడే నింపించండి. చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు జవాబు సున్నా కాకపోతే మిగతా అన్నీ పక్కనపెట్టి ముందు దాని గురించి మాట్లాడండి. ‘నడుస్తున్నారా?’ అని అడగకండి, అందరూ అవుననే అంటారు. కాగితం తీయమని, ఏ ఏ రోజుల్లో ఎన్ని నిమిషాలు, మాట ఎక్కడ తెగింది అని అడగండి. పూర్తి డోసు మీద ఎనిమిది వారాలు దాటినా స్కోరు కదలకపోతే వ్యాయామాన్ని ఆపక్కర్లేదు కానీ, దాని మీద భారం పెట్టి మందునో థెరపీనో వాయిదా వేయకండి. డోసే అందకపోతే మాత్రం వ్యాయామం విఫలమైందని కేసు షీట్‌లో రాయకండి. ‘అందలేదు’ అని రాసి, ఎందుకు అందలేదో పక్కన రాయండి.

ఇట్లు
వ్యాయామం చేయించే పనిలో ఉన్నవాళ్ళం